గంగక్క మాత్ర తప్పలేదు

చౌడేశ్వరి భయస్తురాలు. ఈ ముక్క ముందే చెప్పేస్తే నయం, ఎందుకంటే ఆమె గురించి ఏం చెప్పబోయినా భయం దగ్గరే మొదలవుతుంది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టింది. చిన్నప్పుడు బల్లికి భయం, బడిలో లెక్కల అయ్యవారికి భయం, డిగ్రీలో ల్యాబులో యాసిడ్ సీసా ముట్టుకోవాలన్నా భయం. ఇరవై మూడేళ్ళు నిండి, బి.ఎస్సీ. పట్టా చేతికొచ్చి, అనంతపురంలో ఉద్యోగం దొరికిన రోజున ఆమెకు కొత్త భయం పట్టుకుంది: ఈ ఉద్యోగం ఊడిపోతుందేమోనని. మిగతా భయాలన్నీ దీని ముందు దిగదుడుపే.

ఉద్యోగం ఏమిటంటే, కొత్త మందులను మనుషుల మీద పరీక్షించే పని. ఎక్కడో విదేశంలో ఒక మందుల కంపెనీ ఒక మాత్ర తయారు చేస్తుంది. అది పనిచేస్తుందో లేదో చూసిపెట్టమని బెంగళూరులో ఇంకో కంపెనీకి కాంట్రాక్టు ఇస్తుంది. ఆ బెంగళూరు కంపెనీ అనంతపురంలో ఒక నర్సింగ్‌హోం మేడమీద రెండు గదులు బాడుగకు తీసుకుంటుంది. కాగితాల మీద పేరు డాక్టరు రామాంజనేయులు గారిది. చాకిరీ చౌడేశ్వరిది. రోగులను వెతకాలి. పద్నాలుగు పేజీల ఒప్పుదల కాగితం చదివి వినిపించి వేలిముద్ర వేయించుకోవాలి. రక్తం తీయించాలి, మాత్రల డబ్బా ఇచ్చి పంపాలి, నెల తిరిగేసరికి ఆ డబ్బా వెనక్కి తెప్పించి ఎన్ని మింగారో, ఎన్ని మిగిల్చారో లెక్కపెట్టాలి.

2003లో వచ్చింది చక్కెర జబ్బు మాత్ర. రోగులు రోజూ వేసుకునే పాత మాత్ర వేసుకుంటూనే దాంతోపాటు ఈ కొత్తది కూడా వేసుకోవాలి. ఇందులో ఒక మెలిక ఉంది. సగం మందికి నిజమైన మందు, సగం మందికి మందులేని ఉత్త మాత్ర. రెండూ చూడటానికి ఒకటే. ఎవరికి ఏది పోతోందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు, చౌడేశ్వరికీ తెలియదు.

ఆమెకు తెలిసిందల్లా వెంకటేశులు. ఆయన కూడా ఈ జిల్లావాడే. బెంగళూరు పోయి మేనేజరైనాడు. నెలకోసారి రైలు దిగి వచ్చి, ఫైళ్ళన్నీ ముందేసుకుని, ప్రతి కాగితాన్నీ కిటికీ వెలుతురుకు పట్టి చూసేవాడు. ఆయన వచ్చే వారం చౌడేశ్వరికి అన్నం సయించేది కాదు.

"ఇదేంది చౌడేశ్వరీ, ఈయప్ప నెలలో నాలుగు మాత్రలు మిగిల్చినాడు? నువ్వు ఈడ ఏం జేస్తాండావు? ఈగలు తోల్తాండావా?"

మొదట్లో ఆమె అన్నీ పద్ధతిగానే చేసింది. రోగిని చేర్చుకునేముందు అడగాల్సిన ప్రశ్నల్లో ఇరవై మూడోది: ఉపవాసాలు ఉంటారా? ఉంటామన్నవాళ్ళను చేర్చుకోకూడదు. ఆమె మొదటి ఆరుగురినీ అడిగింది. ఒకామె శనివారం ఒక్కపొద్దు ఉంటానంది. ఒకాయన సోమవారం. ఇంకొకామె గురువారం, ఏకాదశి, పైగా మొక్కుబడి ఉంటే మంగళవారం కూడా. ఆరుగురికి ఆరుగురూ ఎగిరిపోయారు. ఆ సాయంత్రం వెంకటేశులు ఫోనులో విరుచుకుపడ్డాడు. "ఇట్లయితే ఈ జిల్లాలో నీకు ఒక్కరూ దొరకరు. దేవుడు లేని ఊరు యాడుందో ఎతుక్కో పో!"

ఏడో రోగి నుంచి ఆమె ఆ ప్రశ్న అడగలేదు. "లేదు" అన్న గడిలో తనే టిక్కు పెట్టి, కింద సంతకం చేసింది. పంతొమ్మిది మంది దొరికారు. వెంకటేశులు మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కూడా ఆమెకు భయంగానే ఉండింది.

ఆ పంతొమ్మిది మందిలో ఇద్దరు బెళుగుప్ప అవతల ఒకే పల్లె వాళ్ళు. గంగక్క, తిప్పయ్య. తిప్పయ్య గొర్రెల కాపరి, మాట తక్కువ. గంగక్కకు యాభై పైన. మొగుడు పోయి పదేళ్ళు. నాలుగెకరాల చెనిక్కాయ చేను, అదే వేరుశెనగ, ఒంటిచేత్తో చేసుకునే మనిషి. కాలి పుండు మానక నర్సింగ్‌హోంకు వచ్చి, చక్కెర జబ్బుకు ఊరికే మందులిస్తారంటే మేడమెక్కింది. చౌడేశ్వరి కాగితం చదువుతుంటే కాగితం వైపు చూడకుండా ఆమె ముఖం వైపే చూసి, "ఏం పాపా, నీకేమన్నా జ్వరమా? చేతులట్ల వణకతాండాయి" అంది.

రెండో నెల వచ్చినప్పుడు గంగక్క డబ్బాలో మూడు మాత్రలు మిగిలాయి. ఆ రోజే వెంకటేశులు వచ్చి కూర్చున్నాడు. గంగక్క ఎదుటే చౌడేశ్వరిని కడిగేశాడు. ఆ పిల్ల మెట్ల మీద నిలబడి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని వచ్చి, గంగక్క చేతిలో కొత్త డబ్బా పెట్టి చెప్పింది: "ఒక్క పూట గూడా తప్పకూడదు గంగక్కా. ఏం జరిగినా సరే, పొద్దున్నే మాత్ర పడాల్సిందే. తప్పితే నీ పేరు కొట్టేస్తారు. నన్ను పీకేస్తారు."

"అంతమాత్రానికి ఏడుస్తారా పాపా? తప్పను పో" అంది గంగక్క. ఆ తర్వాత ఆమె డబ్బా లెక్క ఏ నెలా ఒక్క మాత్ర తేడా రాలేదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. "ఏం జరిగినా సరే" అన్నది ఒప్పుదల కాగితంలో లేదు. పదకొండో పేజీలో ఉన్నది వేరే: "నిరాహార దినములందు ఔషధ సేవనము వర్జనీయము." బెంగళూరులో ఎవరో మహానుభావుడు ఇంగ్లీషులోంచి దింపిన తెలుగు. అన్నం తినని రోజు మాత్ర వేసుకోవద్దు తల్లీ అని చెప్పడానికి ఇంత అవస్థ! చౌడేశ్వరి ఆ వాక్యం అందరికీ చదివే వినిపించింది. వాళ్ళు తలలూపారు, ఆమె పేజీ తిప్పింది. విడమరచి చెప్పాలని తెలియక కాదు. చెబితే వాళ్ళు ఒక్కపొద్దుల సంగతి ఎత్తుతారు. ఎత్తితే ఇరవై మూడో గడి అబద్ధమని తేలుతుంది. అందుకని చెప్పలేదు.

ఆగస్టులో ఒక శనివారం పొద్దున పది గంటలప్పుడు, ఓబమ్మ అనే ఆమె మేడమెట్లు ఎక్కి వచ్చింది. మోకాలి నొప్పికి కింద డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చిందట. గంగక్క ఊరే.

"గంగక్క చెప్పమనింది పాపా. సోమవారం రావల్ల గదా, ఒక దినం ఎనకాముందు అయితాదేమో, గాబరా పడొద్దనింది. ఊర్లో ఒక్కపొద్దులు."

"ఏం ఒక్కపొద్దులు?"

"వాన కోసరం. చెనిక్కాయ ఊడలు దిగి కాయ పట్టే అదను. ఇరవై దినాలాయ చినుకు పడక. పూజారి అంజినప్ప చెప్పినాడు, మూడు దినాలు ఊర్లో ఏ పొయ్యీ ముట్టీకూడదని. పగలంతా ఏమీ లేదు. పొద్దు గూకినాక ఒక అరటిపండు, గుప్పెడు నానిన పెసలు. మూడో దినం అదీ లేదు, కటిక ఉపాసం. ఈ పొద్దే మూడో దినం."

చౌడేశ్వరి పెన్ను కింద పెట్టేసింది. "గంగక్క గూడానా?"

"ఆమె లేకుండా ఊర్లో ఏ పూజ జరిగినాది? ఆమే ముందర!"

"మాత్ర… మాత్ర ఏస్కుంటాందా?"

ఓబమ్మ నవ్వింది. "ఏస్కోకుండా ఉంటాదా? నిన్న నేనే అడిగినా, ఒక్కపొద్దుకు నోట్లో ఏమీ పడకూడదు గదక్కా అని. 'మందుకు దోసం లేదులే, ఏస్కోకుంటే ఆ పాప ఉద్యోగం పోతాది' అనింది."

చౌడేశ్వరి లెక్క వేసుకుంది. చక్కెరను దించే మాత్రలు, పాతదీ కొత్తదీ, మూడు రోజుల ఖాళీ కడుపు మీద. చేరిన కొత్తలో బెంగళూరులో రెండు రోజులు పాఠం చెప్పారు: ముందు చెమట, తర్వాత వణుకు, తర్వాత తెలివి తప్పిన మాటలు, తర్వాత స్పృహ పోవడం, తర్వాత ప్రాణం. ఆమె దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో నోటుబుక్కులో రాసుకుంది. ఆ పేజీ ఇప్పుడు కళ్ళ ముందే ఉంది.

ఓబమ్మ దిగిపోగానే చౌడేశ్వరి గంగక్క ఫైలు తీసింది. ఇరవై మూడో గడి, టిక్కు, సంతకం. అలవాటు కొద్దీ ముందు వెంకటేశులుకే ఫోను చేసింది. చూడండి మనిషి బుద్ధి! అక్కడ ఒకామె ప్రాణం మీదికి వస్తుంటే, ఈమె వేళ్ళు తిట్టేవాడి నంబరే వెతికాయి.

ఆయన అంతా విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నువ్వు ఇప్పుడు ఆడికి పోయినావంటే, తెలిసే పోయినట్లు. ఉపవాసాలుంటారని తెలిసి గూడా లేదని ఎందుకు రాసినావని అడుగుతారు. సంతకం నీది. సోమవారం దాకా ఆగు. సగం మందికి ఉత్త మాత్రలే గదా, ఆమెది ఉత్తదేమో. ఏమీ కాదు."

ఫోను పెట్టేసి చౌడేశ్వరి కుర్చీలో కూలబడింది. ఉత్తదైతే బతికిపోయింది. కాకపోతే? ఉద్యోగం పోతుందన్న భయం ఒక పక్క, గంగక్క పోతుందన్న భయం ఇంకో పక్క. ఆమె లేచింది. ధైర్యం వచ్చి లేచిందనుకునేరు, కాదు. ఆ గదిలో కూర్చుని ఉండటం కన్నా పోవడం రవ్వంత తక్కువ భయంగా తోచింది, అంతే.

కింద డాక్టరు రామాంజనేయులు గారి గది ముందు ముప్పై మంది రోగులున్నారు. ఆయన విన్నాడు, ముఖం మారిపోయింది. ఊరి పోస్టాఫీసుకు ఫోను చేయించాడు. మోగి మోగి ఆగిపోయింది. "పో అమ్మా, నిలబడొద్దు. గ్లూకోజు పొడి తీస్కపో. తెలివిలో ఉంటే నీళ్ళల్లో కలిపి తాగించు. లేకుంటే పొడి చెంపలోపల పూయి, గొంతులో నీళ్ళు మాత్రం పోయొద్దు. ఎట్లయినా సరే ఈడికి తీస్కరా."

కళ్యాణదుర్గం బస్సులో ఆమెకు కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు ప్రతి స్టేజీలో ఆగింది. గంగక్క పోయి ఉంటే ఎట్లా? ఊరివాళ్ళు చుట్టుముడితే ఎట్లా? ఇంట్లో నాయనకు ఏం చెప్పాలి? మనసులో ఇంటి దేవత పేరు తలుచుకోబోయి, ఆమెను కూడా ఏమని అడగాలో తోచక ఊరుకుంది. కళ్యాణదుర్గంలో దిగి, బెళుగుప్ప బస్సు పట్టుకుని, అక్కడినుంచి పల్లెకు పోయే ట్రాక్స్ జీపులో పద్నాలుగు మందితో ఇరుక్కుంది. దారి పొడుగునా చెనిక్కాయ చేలు ఆకులు ముడుచుకుని ఉన్నాయి.

మధ్యాహ్నం రెండున్నరకు ఊరు చేరింది. ఏ ఇంటిమీదా పొగ లేదు. వీధిలో మనిషి లేడు. మొదటి సందు మొదట్లో తిప్పయ్య గొర్రెల దొడ్డి దగ్గర కనబడ్డాడు. ఆమెను చూసి దొంగలా తల వంచుకున్నాడు.

"తిప్పయ్యన్నా! ఒక్కపొద్దులో మాత్ర ఏస్కున్యావా?"

తిప్పయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కోప్పడొద్దు పాపా. నేను యానాడూ ఏస్కోలేదు. నాకు మాత్రలంటే పడదు. దినానికొకటి దిబ్బలో పారేసి డబ్బా తెచ్చిస్తాండా."

నాలుగు నెలలుగా వెంకటేశులు పొగిడిన లెక్క అది! ఇంకో రోజైతే ఆమె అక్కడే కూలిపోయి ఉండేది. ఇప్పుడు మాత్రం రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "మంచిపని చేసినావన్నా. గంగక్క యాడుంది?"

తిప్పయ్య కళ్ళు పెద్దవయ్యాయి. "నీకు తెలీదా? గంగక్క మీదికి అమ్మ వచ్చినాది! ఊరంతా మారెమ్మ గుడి కాడుండారు."

చౌడేశ్వరి పరుగెత్తింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె అట్లా పరుగెత్తలేదు.

గుడి ముందు వేపచెట్టు మొదట్లో గంగక్కను కూర్చోబెట్టారు. నుదుట పసుపు, కుంకుమ, ఒళ్ళో వేపమండలు. చీర తడిసి ఒంటికి అతుక్కుంది. తల ఒక పక్కకు వాలి, పెదవులు ఏదో గొణుగుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి. పూజారి అంజినప్ప ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని హారతి పట్టుకుని ఉన్నాడు. ఆయన చుట్టూ రెండొందల మంది. మూడు రోజుల ఆకలి, ఇరవై రోజుల ఎండ, అందరి కళ్ళూ ఆమె నోటి మీద.

"చెప్పు తల్లీ, ఎప్పుడొస్తావు? వాన ఎప్పుడిస్తావు?"

గంగక్క గొణుగుడులో ఒక ముక్క వినబడింది. "వస్తా… వస్తా…"

జనం ఒక్కసారిగా హోరెత్తారు. ఆడవాళ్ళు ఏడ్చారు. "వస్తాననింది! ఎప్పుడో చెప్పు తల్లీ, దినం చెప్పు!"

ఈ జనంలో ఒక్క చౌడేశ్వరికే అది ఏమిటో తెలుసు. చెమట, వణుకు, తెలివి తప్పిన మాటలు. తర్వాత ఏం రావాలో కూడా తెలుసు. తెలిసీ కాళ్ళు కదల్లేదు. రెండొందల మంది ముందు నిలబడి, మీ అమ్మవారు అమ్మవారు కాదు, నేనిచ్చిన మాత్ర అని చెప్పాలా? చెబితే నరికి పారేస్తారు. ఇంతలో గంగక్క తల ఛాతీ మీదికి పడింది. గొణుగుడు ఆగిపోయింది.

అప్పుడు ఎట్లా తోసుకుపోయిందో ఆమెకే తెలియదు. గంగక్క మణికట్టు పట్టుకుంది. మంచులా చల్లగా ఉంది. "యేయ్! నీళ్ళు పోసుకోకుండా అమ్మను ముట్టుకుంటావా!" అని ఎవరో అరిచారు. ఆమె పళ్ళతో గ్లూకోజు ప్యాకెట్టు చించింది. అంజినప్ప ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరు నువ్వు? ఏంది అది?"

నిజం గొంతుదాకా వచ్చింది. భయం దాన్ని అక్కడే నొక్కేసింది. "నై… నైవేద్యమన్నా. అమ్మకు. అనంతపురం నుంచి తెచ్చినా."

అంజినప్ప ఆమె ముఖంలోకి చూశాడు. ఏం కనబడిందో ఏమో, చెయ్యి వదిలేశాడు. "పెట్టు తల్లీ" అన్నాడు.

చౌడేశ్వరి వేలితో పొడి తీసి గంగక్క చెంప లోపల పూసింది. చిగుళ్ళకు రుద్దింది. మళ్ళీ పూసింది. ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఐదు నిమిషాలు. ఏమీ లేదు. పది నిమిషాలు. చౌడేశ్వరి మనసులో ఒకటే మాట: పోవద్దు గంగక్కా, పోవద్దు, పోవద్దు. గంగక్క గొంతు కదిలింది. మింగింది. ఇంకో పావుగంటకు కళ్ళు తెరిచింది. చెంబులో పొడి కలిపి ఇస్తే నాలుగు గుక్కలు తాగింది. చుట్టూ చూసి, చివరకు చౌడేశ్వరిని గుర్తుపట్టింది.

"పాపా? ఇంత ఎండలో నువ్వేంటికి వస్తివి? మాత్ర తప్పలేదులే. మూడు దినాలూ ఏస్కున్యా."

చౌడేశ్వరి అక్కడే భోరుమంది. అమ్మవారిని చూసి ఏడుస్తోందని జనం ఆమెకు కూడా దండం పెట్టారు. మనిషి నీరసపడింది, సెలైను ఎక్కించాలి అని చెప్పి గంగక్కను జీపు ఎక్కించుకునేదాకా ఎవరూ అడ్డురాలేదు. అంజినప్ప మాత్రం జీపు పక్కనే నడుస్తూ వచ్చి, "దినం చెప్పకుండానే పోయినాది అమ్మ" అన్నాడు దిగులుగా.

నర్సింగ్‌హోంలో పరీక్ష చేస్తే, జీపులో దారంతా తాగించుకుంటూ వచ్చినా, చక్కెర ఇంకా తక్కువే ఉంది. డాక్టరు గారు గబగబా గ్లూకోజు సెలైను పెట్టించాడు. పాత మాత్ర ప్రభావం దిగేదాకా రెండు రోజులు కదలకూడదన్నాడు. "ఇంకొక అరగంట ఆలస్యమయింటే ఏమీ చేయలేకపోయేవాళ్ళం" అన్నాడు. "ఇంకొకసారి ఇట్లా అయితే తట్టుకోలేదు ఈమె."

ఆదివారం వెంకటేశులు ఫోను చేశాడు. గొంతులో తిట్టు లేదు, తేనె ఉంది. అదే ఇంకా భయం వేసింది. "మంచిపని చేసినావులే. ఇప్పుడు నేను చెప్పేది విను. అమ్మ వచ్చిందని వాళ్ళే అంటాండారు గదా, మనం ఎందుకు కాదనాల? సొంత ఇష్టంతో ఉపవాసముండి నీరసించిందని రాయి. మాత్ర సంగతి ఎవరి ముందరా ఎత్తొద్దు. ఎత్తినావంటే ముందర పోయేది నువ్వే. అర్థమైందా?"

అర్థమైందని చెప్పింది. నిజానికి హాయిగా కూడా అనిపించింది. గంగక్క బతికింది. ఊరు సంతోషంగా ఉంది. కాగితం సర్దుకుంటుంది. ఇంక ఎవరు మాత్రం ఎందుకు నోరు విప్పాలి?

సోమవారం పొద్దున గంగక్కకు సెలైను తీసేశారు. చౌడేశ్వరి ఆమెకు ఇడ్లీ తినిపించి చెయ్యి కడుగుతుండగా అంజినప్ప వచ్చాడు. వెనక మరో నలుగురు. కొత్త చీర, కొబ్బరికాయ, పసుపు, కుంకుమ. నలుగురి పెదవులూ ఎండిపోయి ఉన్నాయి. ఆదివారం కూడా వాళ్ళు సరిగ్గా తిన్నట్లు లేరు.

"గంగక్కా, లెయ్యి తల్లీ. బండి తెచ్చినాం" అన్నాడు అంజినప్ప. "నోటికాడికి వచ్చిన మాట ఆగిపాయ. వస్తాననింది గానీ దినం చెప్పలేదు. చేను ఇంక నాలుగు దినాలు గూడా తాళదు. ఇంకొక్క ఒక్కపొద్దుండు. అదే చెట్టు కింద కూర్చో. అమ్మ మాట పూర్తిచేసి పోతాది."

గంగక్క అప్పటికే కాళ్ళు కిందికి దించింది. చీర చెంగు సర్దుకుంటోంది. "ఊరికోసరం ఒక దినమెంత అన్నా! పదండి" అంది. ఆగి, చౌడేశ్వరి వైపు తిరిగింది. "పాపా, నా మాత్రల డబ్బా ఇచ్చెయ్. లేకుంటే రేపటికి తప్పుతాది మళ్ళ."

చౌడేశ్వరి చెంబు కింద పెట్టింది. డాక్టరు గారు ఇంకా రాలేదు. వార్డులో ఆమె తప్ప ఇంకెవరూ లేరు. డబ్బా ఇవ్వకుండా ఏదో సాకు చెప్పొచ్చు. కానీ పాత మాత్ర ఇంట్లో ఉంది, అది వేసుకుంటుంది. ఉపవాసం వద్దని డాక్టరు మాటగా చెప్పొచ్చు. అమ్మ కన్నా డాక్టరు ఎక్కువా అంటారు, తీసుకుపోతారు. ఇంకొకసారి ఇట్లా అయితే తట్టుకోలేదు ఈమె.

"పోవద్దు గంగక్కా."

"ఎందుకు పాపా?"

"అమ్మ రాలేదు." గొంతు ఎవరిదో అన్నట్లు వచ్చింది. "శనివారం నీ మీదికి అమ్మ రాలేదు గంగక్కా. అది మాత్ర. కూడు తిననప్పుడు ఆ మాత్ర ఏస్కోకూడదు. ఏస్కుంటే రక్తంలో చక్కెర దిగిపోతాది. ఆ చెమట, ఆ వణుకు, ఆ మాటలు అన్నీ దానివే. కాగితంలో రాసుండాది. నేను నీకు అర్థమయ్యేట్లు చెప్పలేదు. ఏం జరిగినా తప్పొద్దని చెప్పింది నేను. నీకు ఒక్కపొద్దులుండాయా అని గూడా అడక్కుండా లేవని రాసుకున్యా. తప్పు నాది."

అంజినప్ప కొబ్బరికాయ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నైవేద్యమంటివి గదా?"

"అబద్ధమన్నా. మీరు కొడతారని భయపడి చెప్పినా. అది గ్లూకోజు పొడి. ఈడ మందులంగట్లో అమ్ముతారు."

కొడతాడనే అనుకుంది. ఆమె భుజాలు ముడుచుకుని నిలబడింది. ఆయన చెయ్యి ఎత్తలేదు. మంచం పక్కన స్టూలు మీద మెల్లగా కూర్చున్నాడు. వెనకనున్న నలుగురిలో ఒకతను బయటికి వెళ్ళిపోయాడు.

"అయితే మా అమ్మ రానే లేదా?" అన్నాడు అంజినప్ప. జవాబు విననట్టు మళ్ళీ అడిగాడు. "రానే లేదా తల్లీ?"

"రాలేదన్నా."

గంగక్క ఆమెను తిట్టలేదు. ఆ పిల్ల చేతులు ఇంకా వణుకుతుంటే చూసి, వాటిని తన ఒళ్ళోకి లాక్కుంది. కిటికీలోంచి మబ్బు లేని ఆకాశం కనబడుతోంది.

"'వస్తా, వస్తా' అంటినంట గదా నేను" అంది చివరకు. "ఊరంతా విన్యారంట. అయితే వాన రాదా పాపా?"